ఆకుపచ్చ మూత

తోట గుడిసె నుండి,
ముసురు వదలని రోజు

బావా,

నీ క్షేమం అడగను. ముందు నీ పెట్టెల క్షేమం చెబుతాను, విన్నాక నీ క్షేమం నువ్వే చూసుకో.

ప్రార్థన మందిరం పైకప్పు మారుస్తున్నారు. దానితోపాటు వెనక నా గది కూడా విప్పేశారు. పని తెమిలేదాకా నారింజ తోటలో మా గుడిసె ఖాళీయే కదా, అందులో ఉండమని అక్క కబురు చేసింది. సంచీ, గ్రంథం, సైకిలు తెచ్చుకుని నిన్న దిగాను. తలుపు పక్కన తేనెటీగలకి పొగపెట్టే నీ డబ్బా తుప్పు పట్టి ఉంది. దాని మూతిలో సాలీడు కాపురం పెట్టింది. చెట్ల కింద నీ పన్నెండు తేనెపెట్టెలు ఉన్నాయి. ఉన్నాయి అంటే, సమాధులు ఉన్నట్టు ఉన్నాయి.

మొదటి పెట్టె మూత ఎత్తాను. లోపల తేనెపట్టు లేదు. బూజు గుడ్డలాంటి తెల్లటి అల్లిక, ఆ అల్లికలో బొద్దు పురుగులు. చెక్కలో గుంటలు తవ్వుకుని మరీ పడుకున్నాయి. బూడిదరంగు రెక్కల తల్లి పురుగు నా ముక్కు మీదుగా పారిపోయింది. చిమ్మెటా తుప్పూ తినని చోట ధనం దాచుకోండని ఇన్నేళ్ళుగా ఊరూరా గొంతు చించుకుంటున్నాను. ఆ చిమ్మెట మొహం ఎలా ఉంటుందో నిన్ననే చూశాను. రెండో పెట్టెలో ఎలుక ఈనింది. మూడోదాన్నిండా చీమలు. సోమరివాణ్ణి చీమల దగ్గరికి వెళ్ళి బుద్ధి తెచ్చుకోమంటుంది లేఖనం. నీ విషయంలో పాపం చీమలే నీ దగ్గరికి వచ్చాయి, నువ్వే లేవు.

నాలుగు పెట్టెల్లో మాత్రం ఈగలున్నాయి. బతికున్నాయని అనను, ఇంకా చావలేదు. వాటిలో ఆకుపచ్చ రేకు మూతది ఒకటి.

పొద్దున తోటాయన గట్టు మీద నిలబడి చూసి వెళ్ళాడు. లారీలో పెట్టెలు వేసుకుని ఊళ్ళు తిరిగే తేనెవాడు ఒకడు ఈ జాగా కోసం ఆయన చుట్టూ తిరుగుతున్నాడట. పూత నాటికి మీ బావ పెట్టెలు పనిచేస్తుంటే సరే, లేకపోతే జాగా వాడికిచ్చేస్తాను, ఈగలు లేకుండా నాకు కాయ నిలబడదు అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

నువ్వేమో పట్నంలో రంగులు కలుపుకుంటూ కూర్చున్నావు. పెళ్ళయిననాటి నుంచి నీ చేతుల్లో పెరిగిన పని ఇది. ఉన్నపళంగా వదిలి ఎందుకు పోయావో నువ్వూ చెప్పవు, అక్కా చెప్పదు. రా. వచ్చేలోపు ఏం చెయ్యాలో రాయి. నాకు తోచింది మాత్రం ఒకటే. అన్నీ కుప్పేసి అగ్గిపెట్టడం.

నీ బావమరిది


రంగుల దుకాణం పైగది నుండి

ఉరుమూ,

మీ అక్క నీకా పేరు ఊరికే పెట్టలేదు. నీ ఉత్తరం విప్పగానే కింద దుకాణంలో డబ్బాలు కదిలాయి.

అగ్గిపెట్టకు. పెట్టెలు మంచి కర్రతో చేసినవి. పురుగు పట్టిన పట్లన్నీ కోసి తీసి నీళ్ళలో మరిగించు, పైకి తేలిన మైనం ఆరబెట్టి దాచు. ఖాళీ పెట్టెల లోపలి గోడల్ని బాగా గీకు. మూలల్లో గుడ్లుంటాయి, మంటని ఆ మూలల వెంట ఒకసారి తిప్పు, కర్ర కమిలితే చాలు, కాలకూడదు. పట్లు కట్టే చట్రాలు ఎండలో పెట్టు. పగుళ్ళని మైనంతో పూడ్చు.

ఈగలున్న నాలుగింటి సంగతి వేరు. వాటిలో ఈగలు కప్పి కూర్చున్న పట్లు మాత్రం ఉంచి, ఖాళీవి తీసెయ్. కాపలా కాయలేనంత ఇల్లు వాటికి ఎందుకు? అడుగుపలక మీది చెత్త ఊడ్చు, పురుగు పుట్టేది ఆ చెత్తలోనే. ఒక్కో ఈగ పట్టేంత గుమ్మం ఉంచి మిగతాది చెక్కముక్కతో మూసెయ్. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. సాయంత్రం పూట లోపల పంచదార పాకం పెట్టు, చుక్క కూడా బయట ఒలకనీయకు. ఒలికిందంటే పక్క పెట్టె ఈగలే దోపిడీకి దిగుతాయి.

నువ్వు పురుగు మీద యుద్ధానికి బయల్దేరినట్టున్నావు. పురుగుని చంపడం పెద్ద పని కాదురా. ఈగలకి బలం వచ్చేలా చూడు, పురుగు సంగతి అవే చూసుకుంటాయి.

ఒకటి గుర్తుంచుకో. పనయ్యాక మూత వేసి, ఇక దాని జోలికి పోకు. ఎలా ఉన్నాయో తెలుసుకోవాలంటే గుమ్మం పక్కన కూర్చుని చూడు. కాళ్ళకి పుప్పొడి ముద్దలతో ఈగలు లోపలికి పోతుంటే లోపల పిల్లలున్నట్టు. పిల్లలుంటే రాణి ఉన్నట్టే.

నాకు ఇక్కడ పని తెమలడం లేదు, రాలేను.

కుట్టించుకుంటే ములుకుని గోటితో పక్కకి గీకెయ్. కుట్టిన చోటే వాచిందా, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయా, గొంతు బిగిసిందా, నాకు తప్పకుండా రాయి. మర్చిపోకు.

బావ


తోట గుడిసె నుండి

బావా,

నువ్వు రాసినవన్నీ చేశాను, కొన్ని నువ్వు రాయనివి కూడా చేశాను. పెట్టెల మూలమూలకీ మంట తిప్పుతూ ఒక కీర్తన ఎత్తుకున్నాను. పురుగులు చిటపటమని పేలుతుంటే, శిక్ష గురించి ఇన్నాళ్ళూ నేను చెప్పింది తక్కువేననిపించింది. మైనం పెద్ద ముద్ద అయింది. నీ నీళ్ళ గిన్నెలకి చీమలు ఆగలేదు, గడ్డిపోచ ఒకటి ఒరిగితే దాన్నే వంతెన చేసుకున్నాయి. చుట్టూ గడ్డి పీకేశాను.

కుట్టించుకున్నాను. కనుబొమ మీద ఒకటి, పెదవి మీద ఒకటి. కుట్టిన చోటే వాచింది. ఆదివారం నన్ను చూసి ముందు వరసలో వాళ్ళు పాట ఆపి నవ్వారు. గొంతు బిగిసిందా, దద్దుర్లు లేచాయా అని నీకు ఆ ఆరాలేమిటి? బాలింతరాలి తల్లిలా అడుగుతున్నావు. రెండు కుట్లకి భయపడేవాడివైతే ఈ పనిలోకి ఎందుకు దిగావు?

పెట్టెలు రోజూ తెరిచి చూస్తున్నాను. పొద్దున ఒకసారి, మనసు నిలవకపోతే మధ్యాహ్నం ఇంకోసారి. మెలకువగా ఉండమని కదా మనకి ఆజ్ఞ. పట్టు ఎత్తి వెలుగులోకి పెట్టి, పురుగు కనిపిస్తే అక్కడికక్కడే నలిపేస్తున్నాను. పాపాన్ని దాక్కోనివ్వకూడదు.

ఆదివారం జీతగాడి గురించి మాట్లాడాను. తోడేలు వస్తే మందని వదిలి పారిపోయేవాడి గురించి. నీ పేరు ఎత్తలేదు. అయినా బయటికొస్తుంటే బేకరీ ఆయన చెయ్యి పట్టుకుని, మీ బావ ఉత్తరాలు రాస్తున్నాడా అని అడిగాడు. మాట తగలాల్సిన చోట తగిలిందన్నమాట.

పూతకి ఇంకా నెలలున్నాయి. నువ్వు వస్తే నేను నా మాట వెనక్కి తీసుకుంటాను.

నీ బావమరిది


పైగది నుండి

ఉరుమూ,

కుట్టిన చోటే వాచిందన్నావు. అంతే చాలు.

రోజుకి రెండుసార్లు తెరుస్తున్నావా? నువ్వు ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి, మీ ఆత్మ ఎలా ఉందని అడుగుతావు చూడు, పొయ్యి మీద పాలు పొంగుతున్నా వదలవు, అదే ఇది. మనుషులు గనక పడి ఉంటారు, వాళ్ళకి ఇళ్ళున్నాయి, అప్పులున్నాయి, ఎక్కడికి పోతారు? ఈగలకి రెక్కలున్నాయి. నువ్వు మూత ఎత్తిన ప్రతిసారీ వాటి ఇంట్లో వేడి పోతుంది, వాసన చెదురుతుంది. ఆ ఇంటిని మళ్ళీ అమర్చుకోవడానికి వాటికి ఒక రోజు పడుతుంది, నువ్వు మర్నాడే మళ్ళీ ఎత్తుతావు. నీ వెలుగు మనకి పుణ్యం, పిల్ల ఈగలకి చావు.

జీతగాడు అన్నావు. చదువుతుంటే మీ అక్క కుట్టుమిషను ఆపేసింది. నా మీద ఎన్ని ప్రసంగాలైనా చెయ్. పెట్టె మాత్రం ముయ్.

బావ


తోట గుడిసె నుండి

బావా,

ఒకటి పోయింది.

నీ ఉత్తరం అందకముందే. పొద్దున నేను మూత ఎత్తి దించాను, ఎండెక్కాక లోపల్నుంచి ఎప్పుడూ వినని హోరు వచ్చింది. గుమ్మంలోంచి నీళ్ళు పోసినట్టు బయటపడ్డాయి. గాల్లో ఒక సుడి తిరిగి, గట్టు దాటి, కంకర క్వారీ వైపు పోయాయి. సైకిలు వేసుకుని వెంట పడ్డాను. ఆగమని అరిచాను, నిజంగానే అరిచాను. రోడ్డు మీద మనుషులు ఆగారు, ఈగలు ఆగలేదు.

తిరిగొచ్చి మూత తీస్తే లోపల పట్లు పట్లుగానే ఉన్నాయి. ఒక మూల కొంచెం తేనె, తుడిచిపెట్టినట్టు శుభ్రం. పురుగు ఒక్కటి లేదు. పురుగు నుంచి కాపాడాను, నా నుంచి కాపాడలేకపోయాను.

అలా రాశానని నిన్ను వదిలేశానని అనుకోకు. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా చెయ్యి పట్టుకుని ఆపేవాడివి. చేతులు ఊరికే ఉంచుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు. గుడిసెలో కూర్చోలేను, బయట కూర్చోలేను. గ్రంథం తెరిస్తే నాలుగు వాక్యాలు చదివి మూసేస్తున్నాను. పైకప్పు రేకులు ఇంకా రాలేదట.

మూడు మిగిలాయి. గట్టు పక్కది బాగుంది. ఆకుపచ్చ మూతది, దాని పక్కది మాత్రం చిక్కిపోయాయి. కందిరీగలు గుమ్మం ముందే కాపు కాసి ఒక్కొక్క ఈగనీ ఎత్తుకుపోతున్నాయి, ఆపేవాళ్ళు లోపల లేరు. ఏం చెయ్యాలి?

నీ బావమరిది


పైగది నుండి

ఒరేయ్,

పోయినవి పోనీ. ఎక్కడో చెట్టు తొర్రలో బతుకుతాయి, నువ్వు చంపలేదు. అన్నం తిను. మీ అక్క రాయమంది.

ఆకుపచ్చ మూత సంగతి నీకు తెలియదనుకుంటాను. అది పెట్టె మూత కాదు, మీ అక్క ట్రంకు మూత. కాపురానికి వచ్చిన కొత్తలో ట్రంకు ఎండలో తెరిచిపెట్టింది. ఎటునుంచో ఒక గుంపు వచ్చి బట్టల మీద దిగింది. నేను పారిపోయాను. ఆవిడ నిలబడి చూస్తూ ఉంది. వారం రోజులు ఇద్దరం కట్టుబట్టలతో ఉన్నాం, ట్రంకులో చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి ఒక పాతకాపుని పిలిచి పెట్టెలోకి మార్పించాం. మూతకి కర్ర దొరక్క ట్రంకు మూత కోసి బిగించాను. మిగతా పదకొండూ దాని పిల్లలే. అది ఉంటే అన్నీ మళ్ళీ పుడతాయి.

రెండు చిక్కిన గుంపుల్ని కలిపెయ్. వేరువేరుగా ఉంటే రెండూ చస్తాయి. పొద్దు వాలాక, పక్కదాని మూత తీసి పైన ఒక కాగితం పరుచు, సూదితో నాలుగైదు చిల్లులు పొడువు. ఆకుపచ్చ మూత పెట్టెని అడుగుపలక నుంచి ఎత్తి ఆ కాగితం మీద కూర్చోబెట్టు. సూటిగా కలిపితే కొట్టుకుని చస్తాయి. కాగితం కొరుక్కుంటూ కొరుక్కుంటూ ఒకదాని వాసన ఒకటి పట్టించుకుంటాయి. అది చిరిగేనాటికి చుట్టాలవుతాయి.

కలిపే ముందు పక్క పెట్టెలో రాణిని వెతికి తీసెయ్యాలి. ఒక ఇంట్లో ఇద్దరు రాణులు ఇమడరు. కందిరీగలకి గుమ్మం ఇంకా ఇరుకు చెయ్, గూడు ఎక్కడుందో వెతికి తోటాయన మనుషులతో తీయించు.

ఆ తర్వాత మూత ముట్టుకోకు. నా మీద ఒట్టు అంటే నువ్వు ఒట్లు పెట్టుకోవు. అందుకని ఊరికే చెబుతున్నాను.

బావ


తోట గుడిసె నుండి

బావా,

కలిపాను. కందిరీగల గూడు కంచె వెంట బండ కింద దొరికింది, తోటాయన మనుషులు తీసేశారు.

కాగితం కోసం గుడిసె అంతా వెతికాను. వార్తాపత్రిక ఒక్కటి లేదు. ఉన్నదల్లా నా సంచీలో కరపత్రాలు, అవే, ఆఖరి ఘడియ గురించి నేను రాసి అచ్చు వేయించినవి. సరే, ఎవరు చదివినా మంచిదే కదా అని ఒకటి పరిచి చిల్లులు పొడిచాను. కొరకడం మొదలుపెట్టాయి. చెవి ఆనిస్తే కాగితం చిరుగుతున్న చప్పుడు. ఇప్పుడు గుమ్మం ముందు పొట్టులా రాలుతోంది, ముక్కముక్కా నోట కరుచుకొచ్చి బయట పారేస్తున్నాయి. నా కరపత్రాన్ని ఇంత శ్రద్ధగా మొదటినుంచి చివరిదాకా ముగించినవాళ్ళు మన మందిరంలో ఎవరూ లేరు.

ఒక్కటి మాత్రం నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు. రాణిని వెతికాను, దొరికింది. పొడుగ్గా, నిదానంగా, చుట్టూ అందరూ మొహం ఆవిడవైపు తిప్పి ఉన్నారు. బొటనవేలు దగ్గరికి తెచ్చాను. అభిషేకం పొందినదాని మీద చెయ్యి వెయ్యడం నావల్ల కాలేదు. పురుగుల్ని వందలు నలిపిన చెయ్యే. వదిలేశాను. ఇద్దరూ లోపలే ఉన్నారు. తీర్పు వాళ్ళదే.

ఇక నీ సంగతి. ఎన్ని ఉత్తరాలు రాసినా నువ్వు కదలవు. చూస్తేగాని నీ గుండె మండదు. కూరగాయల లారీ డ్రైవరుతో మాట్లాడాను. గురువారం గుమ్మానికి జాలీ కొట్టి, ఆకుపచ్చ మూత పెట్టెని లారీలో తెచ్చి మీ మేడమెట్ల మీద పెడతాను. నీ మొహం ముందు మూత తీస్తాను. అప్పుడు చెప్పు, రాలేనని.

నీ బావమరిది


దుకాణం ముందు నుండి, నిలబడి రాస్తున్నాను

పెట్టె తేవద్దు. లారీ ఎక్కించి ఉంటే దించెయ్. ఈ కాగితం ఆ డ్రైవరు చేతికే ఇస్తున్నాను, నీ చేతిలో పెట్టేదాకా ఇంజను ఆపొద్దని చెప్పాను.

కిందటేడు పూత చివర్లో మెడ మీద రెండు కుట్టాయి. ఇన్నేళ్ళలో వేలసార్లు కుట్టించుకున్నవాణ్ణి, పట్టించుకోలేదు. బావి దాకా నడిచానో లేదో ఒళ్ళంతా దద్దుర్లు, నాలుక మొద్దుబారి గొంతు మూసుకుపోయింది. మీ అక్క రోడ్డుకి అడ్డంగా నిలబడి పాల వ్యాను ఆపి నన్ను అందులో వేసింది. ఇంకోసారి కుడితే ఆసుపత్రి దాకా రావడం అనుమానమే అన్నాడు డాక్టరు. కొందరికి ఇలా ఉన్నట్టుండి తిరగబడుతుందట. మీ అక్క మర్నాడే సామాను సర్దింది. ఆవిడకి తెలుసు, తోటలో ఉంటే నేను ఆగను.

నీకు ఎందుకు చెప్పలేదో నీకే తెలుసు. నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం మందిరమంతా నా గొంతు కోసం మోకరిస్తుంది, సోమవారం తోటాయన చెవిన పడుతుంది, మంగళవారం ఆ తేనెవాడి లారీ దిగుతుంది. చేయి వేయలేనివాడికి జాగా ఎవరుంచుతారు? పెట్టెలు కోలుకున్నాక, వాటిని చూసే చెయ్యి ఒకటి దొరికాక చెబుదామనుకున్నాను. ఆ చెయ్యి నీదే అవుతుందేమోనని ఈ నెలలన్నీ రాస్తున్నాను. ముందే అడిగితే నువ్వు సువార్త పని ఉందంటావు.

ఇద్దరు రాణుల్ని ఒక ఇంట్లో పెట్టావు. ఒకరే మిగిలితే మంచిది. ఒక్కోసారి ఇద్దరూ పోతారు. ఇప్పుడు తెరిస్తే ఆ ఒక్కదాన్నీ కంగారులో అవే చంపేసుకుంటాయి. తెరవకు. గుమ్మం చూడు. పుప్పొడి లోపలికి పోతోందా లేదా, అంతే.

రెండూ మూసి ఉంచు. పెట్టె, నోరు.

బావ


తోట గుడిసె నుండి,
పూత విచ్చిన వారం

బావా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాస్తే తిట్టేవాణ్ణి.

ఇప్పుడు కూడా తిడతాను. జీతగాడివని అంతమంది ముందు అన్నాను, నువ్వు కూర్చుని చదువుకున్నావు. పాకం ఒలికించకు అని రాశావు, గొంతు బిగిసిందా అని అడిగావు. నేను బాలింతరాలి తల్లి అని వెక్కిరించాను. ఒక్క ముక్క అని ఉంటే నా నాలుక నేనే కోసుకునేవాణ్ణి. ఆ పెట్టెని మెట్ల మీద పెట్టి నీ మొహం ముందు మూత తీస్తానన్నవాణ్ణి నేను. డ్రైవరు దిగి నా దగ్గరికి వచ్చేలోపే పెట్టె లారీ ఎక్కించి తాడు కూడా కట్టేశాం. డ్రైవరు కాగితం చేతిలో పెట్టాక ఆ తాడు ముడి నా వేళ్ళకి రాలేదు, అతనే విప్పాడు.

మాట్లాడడానికీ మౌనంగా ఉండడానికీ వేరువేరు కాలాలున్నాయంటుంది లేఖనం. మొదటి సగమే నేను చదువుకున్నాను.

ఆదివారం లేచి నిలబడి, మా బావ గురించి నేను చెప్పింది అబద్ధం, ఎందుకని అడగొద్దు అని కూర్చున్నాను. అంతే. బయటికొచ్చాక బేకరీ ఆయన తల్లి నా తల నిమిరి, ఇన్నేళ్ళలో నీ ప్రసంగం పూర్తిగా విన్నది ఇదే మొదటిసారి నాయనా, నిద్ర పట్టేలోపే అయిపోయింది అంది. ఏమైందని అడిగినవాళ్ళు అడిగారు. ఒక్కొక్కరు అడిగినప్పుడల్లా గుమ్మం ముందు ఈగ తచ్చాడినట్టు మాట నా పళ్ళ దాకా వచ్చి తిరిగి లోపలికి పోయింది. అక్కకి చెప్పు, గింజ నానింది. ఇంకా నానుతోంది.

ఇక పెట్టె. కాగితం అంతా అయిపోయింది, పొట్టు రాలడం ఆగింది. లోపల ఎవరున్నారో తెలియదు. గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఈగలు పోతున్నాయి, వస్తున్నాయి, అన్నీ పుప్పొడి లేని ఉత్త కాళ్ళే. మర్నాడూ ఉత్త కాళ్ళే. చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను, నవ్వకు, నిజం. ఒకసారి లేచి మూత మీద చెయ్యి వేశాను. రేకు వెచ్చగా ఉంది. చెయ్యి తీసేశాను. చూడకుండా నమ్మినవాళ్ళు ధన్యులని ఎన్ని ఊళ్ళలో చెప్పానో, చెప్పిన చోటల్లా అది వినేవాళ్ళ పనే అనుకున్నాను.

తోటాయన నిన్న వచ్చాడు. వెంట లారీ తేనెవాడు కూడా ఉన్నాడు, చెట్లు లెక్కపెట్టుకుంటూ. మీ బావ ఎప్పుడొస్తాడు అని అడిగాడాయన.

అబద్ధం ఆడలేను, నిజం చెప్పలేను. ఎన్నో సభల్లో నిలబడ్డాను గాని ఇలా నిలబడింది లేదు. అప్పుడు నోటికి వచ్చిందే అన్నాను. "ఆయన రాడు. పెట్టెలు చూసేది నేనే. వచ్చే ఏడూ నేనే."

తోటాయన నవ్వాడు. "నువ్వా? నువ్వు మా ఊళ్ళో బస్సు ఆగినంతసేపు కూడా ఆగవు కదయ్యా."

మూడు పట్నాల పెద్ద సభలకి ఈసారి నన్ను పిలిచారు బావా. నీకు రాయలేదు. ఎన్నేళ్ళుగా ఎదురు చూశానో అక్కకి తెలుసు. సరిగ్గా పూత రోజుల్లోనే. రాలేనని ముందు రోజే ఉత్తరం వేసి వచ్చాను. ఆ మాట ఆయనతో అనలేదు, ఉంటానని మాత్రం అన్నాను.

అయితే మూత తియ్, లోపల ఎంతున్నాయో చూస్తాం అన్నాడు తేనెవాడు. ముందుకొచ్చి ఆకుపచ్చ రేకు మీద చెయ్యి కూడా వేశాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను. మెల్లగానే పట్టుకున్నాను, నీ మీద ఒట్టు, అవును, ఒట్టే పెడుతున్నాను. తెరవను అన్నాను. కావాలంటే నా పక్కన కూర్చుని గుమ్మం చూడండి అన్నాను. తేనెవాడు నవ్వాడు గాని తోటాయన పంచె సర్దుకుని మట్టిలోనే కూర్చున్నాడు. ముగ్గురం కూర్చున్నాం. పైన చెట్టు నిండా తెల్లటి పూత. ఒక ఈగ వచ్చింది, ఉత్త కాళ్ళు. ఇంకొకటి, ఉత్త కాళ్ళు. లోపల ఇద్దరూ పోయి ఉంటే, నా బొటనవేలి పిరికితనం వల్ల అక్క ట్రంకు వంశం అక్కడితో సరి, నీ జాగా అక్కడితో సరి.

తర్వాత ఒకటి వచ్చి వాలింది, బరువుకి కాస్త తూలి. వెనక కాళ్ళకి రెండు ముద్దలు, పచ్చగా, ఆవగింజంత. లోపలికి పోయింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక మూడు ఒక్కసారి. తేనెవాడే ముందు అన్నాడు, "తల్లి ఉందండీ దీంట్లో, గుడ్లు పెడుతోంది." అని లేచి దుమ్ము దులుపుకున్నాడు. పనివాడు పనివాడే, ఒప్పుకున్నాడు. తోటాయన ఇంకాసేపు కూర్చుని, ఈ పూతకి జాగా మీదే, కాయ చూసి వచ్చే ఏడు మాట్లాడదాం అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను లేవలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అదొక్కటే కారణం కాదు.

మందిరం పైకప్పు అయిపోయింది, నా గది తాళం పంపారు. సైకిలు ఇంకా గుడిసె గోడకే ఆనించి ఉంది.

తేనె పంపడానికి ఇంకా వేళ కాలేదు. గుమ్మం ముందు రాలిన కాగితం పొట్టు పోగు చేసి ఈ కవరులో పెట్టాను. నా కరపత్రమే. ఒక్క అక్షరం మిగల్చలేదు, చదవడానికి ఏమీ లేదు. వాసన చూడు.

నీ బావమరిది


పైగది నుండి

ఉరుమూ,

కవరు ముందు మీ అక్క లాక్కుంది. కిటికీ బయటికి చెయ్యి చాపి విదిలించింది, వెలుగుకి పెట్టి చూసింది, మూలలు నొక్కింది. లోపల రెక్క ముక్క కూడా లేదని తేల్చుకున్నాక నా చేతికిచ్చింది. అందులో సగం పొట్టు వీధిపాలయింది, కింద దుకాణం ఓనరు తల మీద పడింది. నీ ప్రసంగం పట్నంలో పడటం అదే మొదలు.

మిగిలింది అరచేతిలో పోసుకున్నాను. ఇక్కడ చేరినప్పటినుంచి నా ముక్కుకి టర్పెంటైను తప్ప ఏదీ తగల్లేదు. అన్నంలో అదే, దిండులో అదే. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మైనం, పొగ, కాస్త పులిసిన తీపి, వెచ్చటి కర్ర. ఇంకేం చెప్పను, అది ఉంది. మీ అక్క మిషను తొక్కడం ఆపి, నాకూ ఇవ్వు అంది.

సభల సంగతి నాకు ముందే తెలుసు. నువ్వు అక్కకి పోయిన నెలే రాశావట. ఆవిడ నాకు చెప్పలేదు. ఈ ఇంట్లో నోరు మూసుకోవడం ఎవరి దగ్గర నేర్చుకున్నావో ఇప్పుడు అర్థమైంది.

పూత రాలి కాయ నిలిచేదాకా పాకం ఆపెయ్. ఆ తర్వాత ఎప్పుడు, ఎన్నిసార్లు తెరవాలో నేను రాస్తాను. నీకు అప్పుడప్పుడూ చెయ్యి దురద పెడుతుందని తెలుసు. దానికి మీ అక్క ఒక మాట రాయమంది, ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను: "ఆ మూత నా ట్రంకుది. నన్ను అడక్కుండా తీయొద్దని వాడికి చెప్పు."

బావ